మూడో గడి

నాకు పని నేర్పిన ఆఫీసు పెద్దాయన పోయారని, కువైట్‌లో మహబూలా నుంచి అహ్మది ఆఫీసుకి వెళ్లే కంపెనీ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో నా వాదన ఇంకా తేలలేదు.

ఆయనది కోనసీమ, నాది కడప. మా సర్వర్ ఒక్కటే అయినా లోపల గదుల్లాంటి నేమ్‌స్పేస్‌లు చాలా ఉంటాయి, ఒక్కోదానికి సొంత నెట్‌వర్క్. నా ప్రోగ్రామ్ ఒక్కో గదిలోకి వెళ్లి, నెట్‌వర్క్ చూసి, బయటికి రావాలి. గది తాలూకు ఫైలు తెరిచి, సర్వర్‌ని లోపలి నుంచి నడిపే కెర్నెల్ చేతికిస్తే అదే లోపలికి చేరుస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే. కానీ నాది నెల రోజులుగా సర్వర్ నెట్‌వర్క్ బాగున్నా తెగిపోయిందని గోల చేస్తూ వచ్చింది. మేనేజర్ రోజూ నా నెత్తిన కూర్చునేవాడు.

"అది లోపలికి పోనే పోలేదు సార్. ప్రోగ్రామ్ ఉన్న గది నంబరు చూసినాను, మారలేదు," అన్నాను.

"వెళ్లినోడి నంబరు చూసేవా?" అన్నారాయన, టీలో రస్కు ముంచుతూ. "ఒరేయ్ అబ్బాయ్, మొత్తం ప్రోగ్రామ్ వెళ్లదురా. లోపల పనోళ్లలాంటి థ్రెడ్లు చాలా ఉంటాయి, పిలిచిన థ్రెడ్డొక్కటే వెళ్తాది. మహబూలా ఫ్లాట్‌లో ఆరుగురం ఉంటాం. నేనొక్కణ్ణే డ్యూటీకొచ్చేను. మంచం మీదున్నోణ్ణి పట్టుకుని నువ్వు అహ్మదిలో ఉన్నావా అనడిగితే ఏం చెప్తాడు?"

ఎప్పుడూ ఇంతే. సూటిగా ఒక్క ముక్క చెప్పరు. ఏ తప్పు వెతికినా నోట్‌బుక్‌లో మూడు గడులు గీసేవారు: వెళ్లకముందు ఎక్కడ, వెళ్లాక ఎక్కడ, తిరిగొచ్చాక ఎక్కడ. మూడూ నిండితేగాని కుర్చీలోంచి లేచేవారు కాదు. "తిరిగొచ్చేకే ఖలాస్, పనైపోయినట్టు," అనేవారు. నాకు ఒళ్లు మండేది.

"మీ ఫ్లాటు కథలు ఆపండి సార్. తప్పు నాది కాదు, కెర్నెల్‌దే," అన్నాను, అందరి ముందూ. ఆయన టీ గ్లాసు పట్టుకుని లేచి వెళ్లిపోయారు. అదే ఆయనతో నా ఆఖరి మాట.

మర్నాడు గుండెలో నొప్పి అని ఆసుపత్రిలో చేర్చారు. శుక్రవారం ఆయనే ఫోన్ చేశారు. నేను ఆ తప్పు మీదే కూర్చుని ఉన్నాను. 'తర్వాత చేస్తా' అని మెసేజ్ కొట్టి కట్ చేశాను. ఆ తర్వాత అనేది రాలేదు.

మొన్న ఫ్లాట్‌లోవాళ్లు ఆయన ఇఖామా అనే నివాస కార్డు, పాస్‌పోర్ట్ పట్టుకుని ఆఫీసులన్నీ తిరిగి, ఆయన్ని ఊరికి పంపించారు. ఆయన బల్ల సర్దే పని నాకు పడింది. నోట్‌బుక్ ఆఖరి పేజీలో నా ప్రోగ్రామ్ పేరు, కింద మూడు గడులు. నేను చూసిన నంబరు కాదు, పని చేసిన థ్రెడ్ నంబరు పట్టి చూశారు. మొదటి గడిలో సర్వర్ నంబరు. రెండో గడిలో లోపలి గది నంబరు. మూడోది ఖాళీ.

గంటలో దొరికింది. గదిలో పని చెడితే నా థ్రెడ్ తిరిగి రాకుండా అక్కడే ఉండిపోతోంది. తర్వాత సర్వర్‌ని చూడమంటే, ఉన్నచోటే చూసి, తెగిపోయిందంటోంది. తిరిగొచ్చే లైను నేను రాయలేదు. తప్పు నూటికి నూరు పాళ్లూ నాదే. ఆ మాట ఆయనకి చెప్పాలి, అవతల ఆయన ఒక్కసారి ఫోన్ ఎత్తితే చాలు.

ఇప్పుడు ప్రోగ్రామ్ గోల చేయడం లేదు. మేనేజర్ శభాష్ అన్నాడు. నోట్‌బుక్ తెరిచి, మూడో గడిలో నంబరు వేద్దామని ఆయన పెన్నే తీశాను. పొద్దుటి నుంచి మూత తీస్తున్నాను, పెడుతున్నాను.