ఆవిరి పట్టిన రాయి

బ్రేకు మాస్టారు భయపడని వస్తువు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. లిఫ్టంటే భయం కనుక నాలుగో అంతస్తులోని తన ఇంటికి మెట్లెక్కేవాడు. మెట్లన్నా భయమే కనుక గోడ పట్టుకుని ఎక్కేవాడు. గోడ మీద బల్లి కనబడితే అక్కడే ఆగి, అది తన పనులన్నీ చక్కబెట్టుకుని వెళ్ళేదాకా మర్యాదగా నిలబడేవాడు. ఇంతకీ ఈ మహావీరుడి ఉద్యోగం ఏమిటంటే, డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. స్టీరింగ్ ఎరగని వాళ్ళ చేతికి బండినిచ్చి, పక్క సీట్లో నవ్వుతూ కూర్చోవాల్సిన పని.

ఆ కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. మాస్టారి కాలు దాని మీద నుంచి లేచిన దాఖలా లేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో సగం మందికి తమ వైపు కూడా బ్రేకు ఉందన్న సంగతి లైసెన్సు వచ్చాకే తెలిసిందట. ఆయన తొక్కుడుకు పెడల్ అరిగి అప్పడమైపోతే, మెకానిక్ కొత్తది బిగిస్తూ, "ఇది రైలింజనుది మాస్టారూ, దీన్నయినా బతకనివ్వండి" అన్నాడట. ఇలాంటివి చెప్పుకునేవాళ్ళు ఊళ్ళో చాలామంది. ఆ చాలామందీ ఆయన బావమరిదే. అతను ఆ భవనంలోనే అన్నిటికన్నా కింది అంతస్తులో ఉంటూ ఫోన్లు బాగుచేస్తాడు.

మాస్టారి భార్యకు భయమంటే ఏమిటో చుట్టపుచూపుగా కూడా తెలియదు. వీధి చివర డ్రైక్లీనింగ్ షాపు ఆవిడదే. ఏ మరకైనా ఆవిరికి లొంగాల్సిందే, ఏ మనిషైనా గదమాయింపుకు లొంగాల్సిందే అన్నది ఆవిడ సిద్ధాంతం. షాపులో వాడే చేతి స్టీమరొకటి ఇంటికి తెచ్చి పెట్టుకుంది. కర్టెన్లు, సోఫా, కిటికీ సందులు, బాత్రూం టైళ్ళు, అన్నింటికీ అదే వైద్యం. ఓసారి బావమరిది గడప మీద కాస్త ఎక్కువసేపు నిలబడితే అతనికీ ఆవిరి పట్టబోయింది.

ఇలాంటి ఇంట్లోకి సముద్రం ఎలా వచ్చిందో చెప్పాలి. ఓ రోజు ఒక శిష్యురాలు కారును తిన్నగా ఫుట్‌పాత్ ఎక్కించి, అలంకార చేపల షాపు గుమ్మంలో ఆపింది. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. షాపాయన ఆయన్ని లోపలికి నడిపించి, ఉప్పునీళ్ళ తొట్టి ముందు స్టూలేసి కూర్చోబెట్టాడు. నీలం వెలుగులో ప్రాణమున్న పగడాలు విచ్చుకుని, గాలి లేని చోట గాలికి ఊగినట్టు ఊగుతున్నాయి. కాసేపటికి మాస్టారు తన చేతుల వంక చూసుకున్నాడు. వణకడం లేదు. పెళ్ళిఫోటోలో కూడా వణికి మసకబారిన చేతులవి.

"కరుస్తాయా?" అంది భార్య, తొట్టి ఇంటికి తెస్తానన్నప్పుడు. "కుడతాయా? ఇంకేమన్నా చేస్తాయా?"

"పువ్వుల్లాంటివే. వాటికి నోరే లేదు" అన్నాడాయన.

పచ్చి అబద్ధం. ఆ తొట్టిలో పువ్వులా కనిపించే ప్రతిదానికీ నడిమధ్యన నోరుంటుంది.

అప్పట్నుంచి మాస్టారి భయాలన్నీ ఆ గాజు తొట్టిలోకి కాపురం మారాయి. పొద్దున్నే థర్మామీటరు చూడాలి. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు పోదు కాబట్టి, తగ్గినంత మేరకు మంచినీళ్ళే పోయాలి. బకెట్లో కొత్త ఉప్పునీళ్ళు కలిపి, మోటారుతో తిప్పి, పాత నీళ్ళు కాసిని తీసి ఇవి పోయాలి. గాజు గొట్టంలో చుక్కల మందు వేసి రంగు మారిందో లేదో కళ్ళు చికిలించి చూడాలి. నీళ్ళలో ఉప్పు ఒక గీత పెరిగితే మాస్టారికి బీపీ రెండు గీతలు పెరిగేది.

ఆ తొట్టిలో ఆయన ప్రాణమంతా ఒక ఆకుపచ్చ పగడం మీద ఉండేది. సన్నటి వేళ్ళు, కొసన చిన్న సుత్తుల్లాంటి తలలు. దాని పక్క రాయి మీద గోధుమరంగు బొత్తాలు మొలిచాయి. మొదట నాలుగైదే. తర్వాత చొక్కాకు సరిపడా. చూస్తూండగానే దర్జీ కొట్టుకు సరిపడా. అవి కూడా ఒక జాతి పగడాలే గానీ, పక్కవాటిని తొక్కి పెరిగే జాతి. మాస్టారు ఫోటో తీసి షాపాయనకు చూపించాడు.

షాపాయన నవ్వు ఆపేశాడు. "మాస్టారూ, గ్లవుజుల్లేకుండా దీన్ని ముట్టుకోకండి. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. గీకొద్దు, బ్రష్షుతో రుద్దొద్దు. వేడినీళ్ళు మాత్రం చచ్చినా పోయొద్దు. వీటిలో విషం ఉంటుంది, ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన కేసులున్నాయి. రాయిని అలాగే ఉప్పునీళ్ళ బకెట్లో పెట్టి నాకు తెచ్చివ్వండి."

ఈ మాట భార్యకు చెప్పాలి. చెబితే ఆ నిమిషమే తొట్టి మెట్లు దిగిపోతుంది. మాస్టారు రెండు భయాలనూ తూచి చూశాడు. భార్య వైపే ముల్లు మొగ్గింది. నోరు మూసుకున్నాడు.

భార్య షాపుకు సెలవున్న రోజు మాస్టారు రెయిన్‌కోటు, మోచేతుల దాకా రబ్బరు గ్లవుజులు, ఈతకొట్టేవాళ్ళ కళ్ళద్దాలు వేసుకుని తొట్టి ముందు నిలబడ్డాడు.

"బావా, సముద్రం ఇంకా ఎంత దూరం?" అన్నాడు బావమరిది.

"ఒరే, పోనీరా. బల్బు మార్చడానికి హెల్మెట్ పెట్టుకునే మనిషి" అంది భార్య.

మాస్టారు ఆ రాయిని బకెట్లో పెట్టి, బాత్రూంలో మూల ఉంచాడు. "దాన్ని ముట్టుకోకు" అన్నాడు.

"ఏం?"

"ఊరికే. ముట్టుకోకు. పాఠం చెప్పొచ్చి చేపల షాపుకు పట్టుకెళ్తాను."

అరటితొక్కను కూడా ముట్టుకోవద్దని చెప్పే మనిషి మాట ఎవరు పట్టించుకుంటారు?

పాఠం ముగించుకుని, తర్వాతి పాఠానికి వ్యవధి ఉందని స్కూలు కారును ఇంటి కిందే ఆపించి పైకొచ్చాడు. తలుపు తీయగానే గదిలో ఒక వాసన. తడిసిన గోడలా, చేపల సంతలా, కాలిన రబ్బరులా, మూడూ కలిసి. బాత్రూం అద్దం నిండా ఆవిరి. కిటికీ మూసి ఉంది.

"రండి రండి!" అంది భార్య. ముఖం ఎర్రగా ఉంది, చేతిలో స్టీమరు. "మీరు ఇన్నాళ్ళూ ఏడ్చిన ఏడుపుకు ఇదిగో మందు. ఒక్క బొత్తాం లేదు, చూడండి! కొత్త షర్టులా చేశాను!"

రాయి తెల్లగా మెరుస్తోంది.

"మెచ్చుకోరేం? కాస్త దగ్గొస్తోంది గానీ..." ఆవిడ నాలుక చప్పరించింది. "నోట్లో ఏమిటో తాళంచెవి పెట్టుకున్నట్టుంది. చలిగా కూడా ఉంది. ఈ ఎండలో చలేమిటి?"

మాస్టారు ఊపిరి బిగబట్టాడు. ఆవిడ చేతిలోంచి స్టీమరు లాగేసి, బాత్రూం తలుపు మూసి, ఆవిడ రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడను ఆయన ఈడ్చడం అదే మొదలు. ఆవిడ ఆశ్చర్యంతోనే రెండంతస్తులు దిగింది. తర్వాత మెట్టు మీద కూలబడి, పళ్ళు టకటకలాడేలా వణికింది.

మాస్టారి కేకలకు బావమరిది పైకి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందక్కా?"

"ఆస్పత్రికి! కారు, కారు!" అన్నాడు మాస్టారు.

"ఎవరు నడుపుతారు?"

ఇక్కడొక రహస్యం చెప్పాలి. మాస్టారు సొంతంగా కారు నడిపి ఏళ్ళు పూళ్ళు గడిచాయి. ఎప్పుడూ పక్క సీటే. కారు ఇంటికి తేవాలన్నా ఎవరో శిష్యుడి చేతే నడిపించేవాడు. బావమరిదికి స్కూటరు తప్ప రాదు. వాళ్ళక్క నడుపుతుంది, సింహంలా నడుపుతుంది గానీ, ఇప్పుడు ఆవిడ వెనక సీట్లో తమ్ముడి ఒడిలో తల పెట్టుకుని మూలుగుతోంది.

మాస్టారు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. రోడ్డు మీద బస్సులన్నీ తనకోసమే బయల్దేరినట్టు కనబడ్డాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అయినా కారు కదిలింది. కారు మీదున్న స్కూలు బోర్డు చూసి జనం వాళ్ళంతట వాళ్ళే దారి తప్పుకున్నారు. ఒక లారీ అయితే భయపడి రివర్సులో వెళ్ళిపోయిందని బావమరిది ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

"బావా, ఏమైందో చెప్పు! అక్క రాయి తోమానంటోంది, దానికి జ్వరమేమిటి?"

మాస్టారు చెప్పలేదు. వెనక ఆవిడ వింటోంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చూసింది, వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ అంకె చూసింది. "జ్వరం, దగ్గు, వణుకు, ఒళ్ళునొప్పులు. ఈ వారం వచ్చినవాళ్ళందరికీ ఇదే. వైరల్. మాత్రలు రాస్తాను. ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకోండి."

"హమ్మయ్య" అన్నాడు బావమరిది. "చూశావా బావా? ఊరికే హడలగొట్టావు."

"పదండి ఇంటికి" అంది భార్య, మంచం పట్టుకుని లేస్తూ. దగ్గు తెర ఆవిణ్ణి మళ్ళీ కూర్చోబెట్టింది.

ఇంటికి! ఆ గదికి! ఆ ఆవిరి ఇంకా గోడలకు పట్టి ఉంటుంది. మాస్టారు వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"ఇంటికి వద్దు."

"మీకు కూడా వణుకుందే?" అంది డాక్టరమ్మ.

"అది పుట్టుకతో వచ్చిందండీ" అన్నాడు బావమరిది. "లిఫ్టన్నా అంతే, బల్లి అన్నా అంతే. మీరు పట్టించుకోకండి."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. మాస్టారు తల దించుకుని, ఒక్క గుక్కలో చెప్పేశాడు. "వైరల్ కాదండీ. ఆ రాయి మీద ఉన్నవి విషం పగడాలు. మూసిన బాత్రూంలో వాటికి ఆవిరి పట్టింది, ఆ ఆవిరి పీల్చింది. విషమని నాకు తెలుసు. షాపాయన చెప్పాడు. నేనే... నేనే ఇంట్లో చెప్పలేదు."

భార్య ఆయన వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడు. కోపం లేదు. బెదురుంది. ఆ ముఖం మీద బెదురును ఆయన అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"రాయికి విషమేమిటి బావా..." అన్నాడు బావమరిది. కానీ గొంతులో మునుపటి ఊపు లేదు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆ షాపాయనకు ఫోను చెయ్యండి. నేనూ వినాలి."

ఫోను స్పీకర్లో పెట్టారు. "మాస్టారూ, రాయి తెస్తానన్నారు, ఇంకా రాలేదేం?" అన్నాడు షాపాయన హుషారుగా. మాస్టారు సంగతి చెప్పాడు.

"వేడినీళ్ళా?" అన్నాడు షాపాయన.

"స్టీమరు."

"కిటికీ?"

"మూసుంది."

"అయ్యో, మాస్టారూ!"

డాక్టరమ్మ అప్పటికే నర్సును కేకేస్తోంది. క్లిప్పు మీద అంకె ఇందాకటికంటే దిగింది. ఆక్సిజన్ మాస్కు పెట్టారు, మందు పొగ పీల్పించారు, గుండె కొట్టుకోవడం చూడటానికి ఛాతీకి తీగలు అతికించారు. "దీనికి విరుగుడంటూ లేదు. ఊపిరికి ఆసరా ఇచ్చి, కనిపెట్టుకుని ఉండటమే" అంది డాక్టరమ్మ. ఆ మాట అంటూనే మాస్టారి వేలికి కూడా క్లిప్పు తగిలించి, ఆయన్ని పక్క మంచం మీదికి తోసింది. పుట్టుకతో వచ్చిన వణుకులో ఈ పూటది కూడా కొంత కలిసి ఉందని అప్పుడు తేలింది.

రెండు మంచాల మధ్య బావమరిది నిలబడ్డాడు. ఒకసారి అక్క అంకె వైపు, ఒకసారి బావ అంకె వైపు తల తిప్పుతూ. నోటి వెంట ఒక్క జోకు రాలేదు. అతనిలో జోకు లేకపోవడం చూసి మాస్టారికి మరింత భయమేసింది. మాస్కు లోపల ఆవిడ ఊపిరి చప్పుడు వింటూ పడుకున్నాడు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఆయన లోకం మొత్తం ఆగి, మళ్ళీ బయల్దేరేది. బల్లులు, లిఫ్టులు, బస్సులు ఒక్కటీ గుర్తు రాలేదు. ఇన్నాళ్ళూ తాను పడ్డవి భయాలే కావని, ఉత్త తాలింపు చిటపటలని అప్పుడు తెలిసింది.

చాలాసేపటికి అంకె నిలబడింది. తర్వాత నిదానంగా ఎక్కడం మొదలుపెట్టింది. మర్నాటికి ఆవిడ మాస్కు పక్కకు జరిపి మాట్లాడింది. గొంతు గీసుకుపోయి ఉంది.

"నోరే లేదన్నారు."

"ఉంది."

"విషమని తెలిసీ చెప్పలేదు."

"తొట్టి తీసేయిస్తావని భయమేసింది."

"ఆ గ్లవుజులు, ఆ కళ్ళద్దాలు చూశాను. చూసి నవ్వుకున్నాను. అరటితొక్కకూ అంతే హడావిడి, దీనికీ అంతే హడావిడి. ఏది ఉత్త భయమో, ఏది నిజం భయమో నాకెలా తెలుస్తుందండీ?"

"చెబుతాను. ఇకనుంచి చెబుతాను" అన్నాడు మాస్టారు.

"నాతో. 'ఊరికే' అనకుండా."

"'ఊరికే' అనకుండా."

ఆస్పత్రి వాళ్ళు పంపించాక ముగ్గురూ ఇంటి మెట్లెక్కారు. తలుపు దగ్గర మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇక్కడే ఉండండి. ఇది నిజం భయం" అన్నాడు. మాస్కు, గ్లవుజులు, ఆ ఈత కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కడే లోపలికెళ్ళాడు. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్న చప్పుడు బయటికి వినిపించింది. బాత్రూంలో రాయిని, స్టీమరును మందపాటి సంచుల్లో కట్టి, గోడలూ నేలా బ్లీచింగు నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచాడు. చేతులు ఎప్పట్లాగే వణికాయి. వణుకుతూనే తుడిచాడు.

బయట బావమరిది గుమ్మంలోకి తొంగిచూశాడు. "ఇప్పుడు ఏమీ లేనట్టే ఉందక్కా. వెళ్దామా?"

"కూర్చోరా!" అంది ఆవిడ. తనూ మెట్టు మీద చతికిలబడింది. ఆయన లోపలికెళ్ళిన దగ్గర్నుంచీ తలుపు మీద నుంచి ఆవిడ చూపు మరల్లేదు. "ఏమండీ! మీ పువ్వులెలా ఉన్నాయి?"

లోపల గుడ్డ పిండుతున్న చప్పుడు ఆగింది.

"చూడలేదు."

"రావచ్చా?"

"ఇంకా వద్దు."

ఆవిడ దగ్గి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, అక్కడే కూర్చుంది.