కోపం నేర్పిన ప్రభావతిగారు

మొన్న గుడివాడలో ఒక పెళ్ళిభోజనాల దగ్గర ఎవరో ఇనప మడతకుర్చీ విప్పారు. ఆ కిర్రుమన్న చప్పుడుకి నా మనసు బందరులోని ఒక మేడమీది గదికి వెళ్ళిపోయింది. అక్కడ ప్రతి ఆదివారం ప్రభావతిగారు అలాంటి కుర్చీలనే గుండ్రంగా వేసేవారు. ఆవిడ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యారు. చిన్నతనంలో మనసుకు దెబ్బ తగిలినవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించేవారు. గ్రూప్ థెరపీ అంటారు దాన్ని. నలుగురిలో ఏడవడమేమిటి, పరువు తక్కువ అనుకునే ఇంట్లో పెరిగినదాన్ని నేను. అయినా మా అమ్మాయి కోసం వెళ్ళాను.

దానికప్పుడు ఆరేళ్ళు. ఒకరోజు గాజుగ్లాసు పగలగొట్టి, మంచం వెనక దాక్కుని, "అమ్మా, నన్నూ ఎవరికైనా ఇచ్చేస్తావా?" అంది. మా అమ్మకి నేను మూడో ఆడపిల్లని. చిన్నప్పుడే నాగాయలంక నుంచి తీసుకొచ్చి, గుడివాడలో ఉన్న పిల్లల్లేని మా పెద్దమ్మకి పెంపకానికి ఇచ్చారు. అప్పటినుంచీ పెద్దమ్మ అమ్మయింది, కన్నతల్లి పిన్ని అయింది. పెద్దమ్మని ఒక్క మాటంటే నా కళ్ళు పోతాయి, అంత ప్రేమగా పెంచింది. కానీ అల్లరి చేస్తే మళ్ళీ ఇంకెవరికో ఇచ్చేస్తారని నాకు లోలోపల భయం. అందుకే ఎవరిమీదా కోప్పడకుండా, అందరికీ పనులు చేసిపెడుతూ బతికాను. పెద్దవాళ్ళ మాటల్లో నా కథ విన్న నా కూతురికి కూడా ఆ భయం అంటుకుంది. ఆ భయాన్ని ఎలాగైనా నాతోనే ఆపెయ్యాలని పట్టుబట్టాను.

"సలహాలు చెప్పులతో పాటు మెట్ల దగ్గరే వదిలెయ్యండి" అనేవారు ప్రభావతిగారు. మనవాళ్ళకి అదెంత కష్టమో వేరే చెప్పాలా? ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే "సర్దుకుపోవాలమ్మా" అనకుండా ఉండలేం. నేనైతే అందరికీ టీలు అందిస్తూ, కప్పులు కడుగుతూ తప్పించుకునేదాన్ని. ఒక ఆదివారం ఆవిడ నా చేతిలోంచి ట్రే తీసేసుకున్నారు.

"ఇవాళ మీరు కూర్చోండి."

"పర్లేదండీ, నాకు అలవాటేగా."

"అందుకే కూర్చోమంటున్నాను. ఏ పనీ చెయ్యకపోయినా మిమ్మల్ని ఇక్కణ్ణుంచి ఎవరూ పంపెయ్యరు."

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నా కథంతా మొదటిసారి చెప్పేశాను. నా ఎదురుగా సుబ్బారావుగారు కూర్చున్నారు, ఉయ్యూరు దగ్గర చెరకు పండించే పెద్దాయన. అంతా విని తలొంచుకుని, "మా చిన్నవాణ్ణి నేనూ మా అక్కయ్యకి ఇచ్చానమ్మా. మంచికే ఇచ్చాను" అన్నారు.

ఇక ఆగలేకపోయాను. "ఎవరి మంచికండీ? వాణ్ణడిగారా? ఆ రాత్రి వాడు ఎవరి పక్కన పడుకున్నాడో తెలుసా మీకు?" అని అరిచాను. తండ్రి వయసు మనిషిని, అంతమందిలో. ఆయన లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. "తెలియదమ్మా, ఎప్పుడూ అడగలేదు" అని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "వాడు ఇంటికొస్తే చుట్టంలా మర్యాదగా మాట్లాడి వెళ్తాడు. నీలా ఒక్కసారి తిడితే బాగుండును."

ప్రభావతిగారు ఎవర్నీ ఓదార్చలేదు. నావైపు చూసి, "ఒకసారి చుట్టూ చూడండి. ఎవరైనా వెళ్ళిపోయారా?" అన్నారు. చూశాను. అందరూ కూర్చునే ఉన్నారు. కోప్పడ్డాక కూడా మనుషులు నాతో ఉంటారని ఆ రోజే తెలిసింది. ఒక్కదాన్నే డాక్టరు ముందు కూర్చుని ఎంత మాట్లాడినా నాకది తెలిసేది కాదేమో.

గాయం ఆ ఒక్కరోజుతో మానలేదు, చాలా ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత నాగాయలంక వెళ్ళి పిన్నిని అడిగేశాను, "నన్నే ఎందుకిచ్చావు?" అని. ఆవిడ చెప్పిన జవాబు నాకు నచ్చలేదు. నచ్చలేదని మొహంమీదే చెప్పి, అక్కడే భోంచేసి వచ్చాను.

ప్రభావతిగారు ఇప్పుడు లేరు. నిన్న సాయంత్రం ఫోను లాక్కున్నానని, ఇప్పుడు పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి "నువ్వంటే నాకస్సలు ఇష్టం లేదు" అని అరిచి, తలుపు దభాలున వేసుకుంది. మా అత్తగారు "గారం చేసి చెడగొడుతున్నావు" అన్నారు. కాసేపటికి అదే తలుపు తీసుకుని వచ్చి, మూతి ముడుచుకునే నా పక్కన కూర్చుని, "ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అంది. సారీ చెప్పాలన్న ఆలోచనే దానికి రాలేదు. ఆ వయసులో నేనైతే, ఇక పంపించేస్తారని బట్టలు సర్దుకుని కూర్చునేదాన్ని.