ఆపా నోరు మూసుకున్న ఆదివారం

పిల్లలూ, మీరింకా పుట్టలేదప్పటికి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖు మర్చిపోతాయట, అందుకని మీ నాన్న ఆదివారాలు కూడా ఆఫీసులోనే ఉండేవాడు. సిడ్నీలో, క్వేకర్స్ హిల్ ఇంట్లో నాకు తోడు పక్కింటి ఆపాయే. హైదరాబాదు మనిషి, నాకంటే రెండేళ్లు పెద్ద, అందుకే ఆపా, అంటే అక్క, అనేదాన్ని. పొయ్యి మీంచి కూర దించితే చాలు, ఇద్దరం పెరటి గోడ దగ్గర చేరేవాళ్లం.

ఆవిడ భర్తను నేను భాయ్‌సాబ్ అనేదాన్ని. హారిస్ పార్కులో ఆయనకు సరుకుల కొట్టుండేది. ఆకులు రాలే కాలం రాగానే ఆదివారాలు కొండలు దాటి, గొర్రెలు పెంచే ఒక ఆసామి పొలంలోని చిన్న చెరువుకి ట్రౌట్ చేపలు పట్టడానికి పోయేవాడు. ఎర వానపాము కాదు, ఫ్లై. అంటే గాలానికి ఈకా దారమూ చుట్టి చేసిన దొంగ పురుగు. ఆపాకీ ఆ పిచ్చి పట్టుకుంది. ఆయన కొట్టుకి వెళ్లాక పెరట్లో రాడ్, అంటే గాలం కర్ర, విసరడం నేర్చుకుంది. తననూ తీసుకెళ్లమంటే ఆయన నవ్వేవాడు.

"ఆడోళ్లు పది నిమిషాలు నోరు మూస్కొని కూసుంటరా? చేపలన్నీ పారిపోతయ్."

చివరికి నన్నూ కలిపి షరతు పెట్టాడు. ఒడ్డు మీద ఒక్క మాట మాట్లాడకుండా మేమిద్దరం ఒక చేపను పడితే, ఇక వారం విడిచి వారం రాడ్ ఆపాది. పట్టలేకపోతే మళ్లీ ఆ ఊసు ఎత్తకూడదు.

ఆయన కొన్న ఫ్లైలన్నీ మట్టి రంగువి. నాకు నచ్చలేదు. కోడి ఈకకు పాత పట్టుచీర జరీపోగు కలిపి, మల్లెలు కట్టే ముడితోనే గాలానికి బిగించాను. భాయ్‌సాబ్ చూసి, "చేపకేమన్నా పెళ్లా చెల్లెమ్మా?" అన్నాడు.

చెరువు దగ్గర ఆయన మడత కుర్చీ వేసుకుని జడ్జిలా కూర్చున్నాడు. ఆపా మొదటి విసురుకే గాలం నా పైటకు తగులుకుంది. నేను అరవలేదు. చీర చిరిగినా కిమ్మనలేదు. రెండు గంటలు కనుబొమలతోనే కబుర్లాడుకున్నాం.

అంతలో నీళ్లు చెదిరాయి, రాడ్ వంగింది. పసుప్పచ్చ పొట్ట, ఒంటినిండా మచ్చలు. ఆపా నెమ్మదిగా లాగుతోంది. చేప చేతికందేంత దగ్గరికొచ్చింది.

"పైకెత్తు బేగం, పైకెత్తు!"

కేక పెట్టి పరిగెత్తుకొచ్చిన భాయ్‌సాబ్ జారి మోకాలి లోతు నీళ్లలో పడ్డాడు. చేప బెదిరి, దారం తెంపుకుని నా జరీతో సహా పోయింది. ఆయన నీళ్లలోనే నిలబడి, చేప రాలేదు కాబట్టి షరతు షరతే అన్నాడు.

ఆపా రాడ్ విడదీసి సంచిలో పెట్టింది. వెళ్లి కారెక్కింది.

దారిలో ఆకలేస్తోందా అని అడిగాడు. జవాబు లేదు. షరతు ఒడ్డు వరకే గదా అన్నాడు. ఆపా కిటికీలోంచి చెట్లు చూస్తోంది. రేడియో పెట్టాడు, తీసేశాడు. నన్నన్నా ఏదైనా చెప్పమని బతిమాలాడు. నేను పెదవుల మీద వేలు పెట్టుకుని, పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

కొండ దిగాక కారు పక్కకు ఆపాడు.

"తప్పు నాదే. వారం విడిచి వారం రాడ్ నీదే. ఇగ మాట్లాడు."

"వారం విడిచి గాదు," అంది ఆపా. "ప్రతి వారం."

ఆయన తలూపాడు. అక్కణ్ణుంచి క్వేకర్స్ హిల్ దాకా మాటల మధ్య ఆవిడ ఊపిరి తీసుకున్నట్టు నాకు గుర్తులేదు.