ఆగని విమానం, కదలని బస్సు

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మా కాలేజీని మూసేసింది, బస్సులనూ ఎక్కడికక్కడ ఆపేసింది. అందుకని చేవెళ్ల నుంచి మొయినాబాద్ అవతలి గడ్డి మైదానం దాకా రోజూ సైకిల్ తొక్కి విమానం నడపడం నేర్చుకునేవాణ్ని. రానూపోనూ ఇరవై మైళ్లు. ఎదురుగాలి ఉంటే రెండు వందలు.

ఆ విమానానికి ముందు రెండు చక్రాలు, తోక కింద నిమ్మకాయంత చక్రం ఒకటి. నేల మీద ముక్కు పైకెత్తి కొత్తల్లుడిలా కూర్చుంటుంది. ముందేముందో నడిపేవాడికి కనబడదు. దిగాక కాళ్లతో అదుపు చేయకపోతే తోక బొంగరంలా తిరిగి ముందుకొస్తుంది.

నేను రెండుసార్లు తిప్పాను. తప్పు సైకిల్‌ది. సైకిల్‌కు కుడిచెయ్యి ముందుకు తోస్తే ఎడమకు మళ్లుతుంది. విమానానికి కుడికాలి కింది పెడల్ తోస్తే కుడికే మళ్లుతుంది. కంగారు పుట్టగానే నా కాళ్లు సైకిల్ చేతులైపోయేవి.

ఆరోజు నేర్పే సారు కిందికి దిగిపోయి, "ఒక్కనివే పో. మల్ల తోక తిప్పినవో, రేపట్నుంచి రాకు" అన్నాడు. ఇంటి దగ్గర బాపు అప్పటికే, "విమానం బందైతె ఉల్లిగడ్డ మడి నీదేరా" అని ఖాయం చేసి ఉన్నాడు.

ఎక్కడం సులువే. దిగబోతే చిల్కూరు వైపు నుంచి అడ్డగాలి. ముక్కు ఎడమకు జారింది, కుడికాలు తోయాల్సింది పోయి ఎడమకాలు తోశాను. ఇంకా జారింది. ఇంజన్ జోరు పెంచి మళ్లీ పైకి లేచాను. రెండోసారీ అంతే.

కింద రోడ్డుకు విద్యార్థులు బండలు అడ్డం పెట్టారు. ఆగిన బస్సులోవాళ్లు దిగి తీరిగ్గా చాయ్ తాగుతున్నారు. వాళ్ల బస్సు కదలదు, నాది ఆగదు. నడుముకు పట్టీ, ముందు ఇంజన్, కింద సారు. జైలుకైనా వార్డరుంటాడు, బతిమాలుకోవచ్చు.

మూడోసారి, కవాతు చేయించినట్టు, "కుడికి కుడికాలు! ఎడమకు ఎడమకాలు!" అని అరుస్తూ దిగాను. విమానాన్ని ఎత్తి దించే కట్టెను పొట్టలోకి లాగాను. మూడు చక్రాలూ ఒక్కసారే నేలను తాకాయి. ముక్కు ఎడమకు జారబోయింది, కుడికాలు. కుడికి వచ్చింది, ఎడమకాలు. పీర్ల పండుగలో గుండం చుట్టూ ఆడినట్టు ఆడుతూ పోయి, ముళ్లకంపకు జానెడు దూరంలో ఆగాను.

సారు ఉరికొచ్చాడు. "ఏందిరా ఆ ఒర్రుడు? ఎంకపల్లి దాక ఇనొచ్చింది!"

"తోక తిరిగిందా, సార్?"

"తిరగలే."

ప్రాణం లేచొచ్చి పట్టీ విప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"యాడికి? ఒక్కసారైతె ఎవ్వడైన దింపుతడు. ఇంకో రెండుసార్లు దింపి సూపెట్టు."

పట్టీని తనే ఇంకాస్త బిగించి, తలుపు మూసేశాడు.