యంత్రం మేల్కొనేలోగా

మా ఇంటి కంప్యూటరు మేల్కొనడానికి పట్టే వ్యవధిలో నా భార్య ఒక మాటను మరచిపోయేది. ఇందులో అతిశయోక్తి లేదు. ఉదయగిరిలో మా వీధిగదిలో, కిటికీ పక్కన ఉండేది ఆ యంత్రం. మీట నొక్కితే గురగురమని మొదలుపెట్టి, నల్లని తెర మీద ఒక చిన్న వలయాన్ని తిప్పుతూ ఉండేది. నా పక్కనే పీట వేసికొని ఆమె కూర్చునేది. తెర తెల్లవారి, అక్షరాలు కొట్టే చోటు తెరుచుకొని, నేను “ఊఁ, చెప్పు” అనేసరికి ఆమె నా ముఖంలోకి చూచి “ఏం చెప్పాల?” అనేది.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. ఆమెది దుత్తలూరు తట్టు మెట్టపల్లె. చేనికీ దొడ్డికీ వంటకూ వానకూ వాళ్ల ఇంట వాడుకలో ఉన్న మాటలలో కొన్ని నిఘంటువులలోనూ ఉన్నాయి. అయితే అక్కడ అవి ఎండి ఉన్నాయి, ఆమె నోట పచ్చిగా ఉన్నాయి. ఆ మాటలను కూర్చి ఒక పదకోశం చేయాలని ఇద్దరం పూనుకొన్నాం. ఆమె చెప్పాలి, నేను కొట్టాలి. కోత అయిన చేనిలో రాలి మిగిలిన వెన్నులను ఏరుకోవడం పరిగె అని ఆమె చెబితే, దానికి నేను వ్రాసిన అర్థాన్ని చదివించుకొని, “నేను చెప్పింది ముక్క. నువ్వు కొట్టింది పురాణం” అని నవ్వేది.

తరువాత ఆమె జ్ఞాపకం సడలసాగింది. మందులు జబ్బును ఆపవు, దాని నడకను కాస్త నెమ్మది చేస్తాయి, అంతే, అన్నాడు నెల్లూరు వైద్యుడు. కలం పట్టి వ్రాద్దామంటే నా చేతి వణుకు వల్ల నా వ్రాత నాకే బోధపడదు. ఫోనులో ఆమె గొంతు పట్టుకుందామని చూచాను. దాన్ని ఎదుట పెట్టగానే “ఎవురో వింటా ఉండారు” అని పెదవులు బిగించేది. కంప్యూటరును ఎప్పుడూ నడుస్తూ ఉంచుదామంటే అది వేడెక్కి తనంతట తానే ఆరిపోయేది. ఇక మిగిలిన ఉపాయం ఆ యంత్రాన్ని త్వరగా మేల్కొనేటట్టు చేయడమే. పింఛనులో మందులకు పోగా మిగిలే దానితో కొత్తది కొనడం మా తరం కాదు. ఆత్మకూరులో పాత యంత్రాలను బాగుచేసే దుకాణదారుకు ఫోను చేస్తే, “పెట్టె ఒక్కటీ తీసుకురండి సార్, లోపలివి మార్చి చూద్దాం” అన్నాడు.

ఆమెను ఒంటరిగా వదలి పోలేను గనుక ఇద్దరం బస్సెక్కాం. పెట్టెను ఆమె పాత చీరలో చుట్టి ఒడిలో పెట్టుకొన్నాను. ముందు సీటులోని ఒకామె వెనుకకు తిరిగి, “పేట దర్గాకా అవ్వా?” అని అడిగింది. జబ్బు మనుషులను వెంటబెట్టుకొని అనుమసముద్రంపేటకు పోయేవాళ్లు ఆ బస్సులో కొత్త కాదు.

“కాదమ్మా. ఈ డబ్బాకు రోగం వచ్చిందంట. చూపించను పోతా ఉండాం,” అన్నది నా భార్య. మళ్లీ నా వైపు తిరిగి, “చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావే. నన్ను ఎప్పుడైనా అట్టా పట్టుకున్నావా?” అన్నది. ముందు సీటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకొన్నది.

దుత్తలూరు దాటుతూ ఉండగా కిటికీ ఊచ పట్టుకొని బయటికి చూస్తూ ఆమె మాట్లాడనారంభించింది. ఎద్దు పైరును కొరకకుండా మూతికి కట్టే తాటి వల చిక్కమట. గొర్రు మీద గింజలు పోసే కొయ్యగిన్నె జడ్డిగమట. కలుపు తీసేవాళ్లు వరుసగా పట్టుకొని సాగే చేని పట్టె మునుమట. కోసి పరచిన పైరు ఓదె అట. దారిలో ఎక్కడా ఎద్దు కనబడలేదు. ఎన్నో నెలలుగా ఒక మాటకోసం వేచినవాడి ముందు ఆమె మాటలను రాశి పోసింది, నా ఒడిలోని యంత్రమేమో ప్రాణం లేని ఇనుము.

నాకు తెలిసిన విద్య ఒకటే. చిన్ననాట పద్యాలు వల్లించి పెరిగినవాణ్ణి, ఛందస్సులో పడినది నాకు చెదరదు. ఆ మాటలను అప్పటికప్పుడు ఒక ఆటవెలదిలో కూర్చుకొంటూ పోయాను. ఇంతలో ఆమె, “దూరాన వాన పడతా ఉంటాది. మన చేనికి ఇంకా రాదు. దాని చప్పుడు మాత్రం గాలిలో వస్తాది గదా, దాన్ని మాయమ్మ…” అని ఒక మాట చెప్పింది. అంత అందమైన మాటను నేను ఏ కావ్యంలోనూ చూడలేదు. మొదట లఘువు, తరువాత రెండు గురువులు. య గణం. ఆటవెలదిలో య గణానికి చోటు లేదు, మాటను రెండు గణాల మధ్య విరవడానికి నాకు మనసొప్పలేదు. దానిని విడిగా నోట నానబెట్టుకొని, తక్కిన పాదాలను యతి తప్పకుండా పూర్తి చేసికొన్నాను.

దుకాణదారు మూత విప్పి లోపలికి ఊది, “సార్, ఇది కంప్యూటరా, పిండిమరా?” అన్నాడు. దుమ్ము దులిపి చూచి, “హార్డ్ డిస్కు ముసలిదయింది. అదే దీన్ని వెనక్కి ఈడుస్తా ఉండాది. దాని బదులు ఎస్సెస్‌డీ వేస్తా. ర్యామ్ మీకు కొత్తది వద్దులే, ఇంకో పాత దాంట్లో పీకింది ఉండాది, సరిపోతాది,” అన్నాడు. “కీబోర్డు మీద అక్షరాలన్నీ చెరిగిపోయినాయన్నారు గదా, అదీ మారుద్దామా?”

“అక్షరాలు నా దగ్గర ఉన్నాయి నాయనా. అది వద్దు.”

“ముసలిదాన్ని ఏం చేస్తావు? పారేస్తావా?” అని అడిగింది నా భార్య.

“లేదవ్వా. దాంట్లో ఉండేదంతా ముందు దీంట్లోకి ఎక్కిస్తాం.”

“అయితే నా తలకాయ కూడా ఆ పక్కన పెట్టు. రెండూ ఒకేసారి ఎక్కిద్దువు.”

అతడు గట్టిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నేను వీధిలోకి చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నానికి పని ముగిసింది. అతడు మీట నొక్కాడు. నేను కళ్లజోడు సవరించుకొనేలోగా తెర వెలిగింది. అక్కడే, అతని కీబోర్డు మీదనే, పద్యాన్ని కొట్టాను. చిక్కం, జడ్డిగం, మునుము, ఓదె, అన్నీ తమ తమ స్థానాలలో ఉన్నాయి. వానమాట లేదు. నోట నానిన చోట వట్టి తడి మిగిలింది. ఆమెను అడిగాను. బస్సులో చెప్పినావు గదా, వాన చప్పుడుకు, మీ అమ్మ అనే మాట.

“నేనేం చెప్పలేదే,” అన్నది. “ఆకలవతా ఉండాది. పోదామా?”

అర్థాన్ని పూర్తిగా వ్రాసి, మాట ఉండవలసిన చోటు ఖాళీగా వదిలాను. ఆ మాట గణం నాకు ఇప్పటికీ తెలుసు. దుత్తలూరు తట్టు ఆమె ఈడు వాళ్లను కొందరిని అడిగాను. వాన చప్పుడుకు పేరేంది అన్నారు.

ఇంటికి వచ్చిన తరువాత యంత్రం చెప్పిన మాట వినే యంత్రమైంది. పీట మీద ఆమె సర్దుకొనేలోగా అది సిద్ధంగా ఉండేది. మొదటి వారంలో రెండో మూడో మాటలు వచ్చాయి. తరువాత ఆమె తెర వెలుగును చూస్తూ చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చునేది. నేను వేచి ఉండేవాణ్ణి. ఎంతకూ అక్షరం పడకపోతే తెర తనంతట తానే నల్లబడేది, మౌస్ కదిపి వెలిగించేవాణ్ణి.

ఒకనాడు అడగడం మానుకొని, అప్పటిదాకా కూర్చినది ఆమెకు చదివి వినిపించడం మొదలుపెట్టాను. చిక్కం దగ్గర ఆపి, “ఇది తెలుసా?” అన్నాను.

“ఏందది?”

అర్థం చదివాను. అందులోని వాక్యాలు చాలావరకు ఆమెవే. ఆమె తల ఒకవైపు వంచి ఎంతో శ్రద్ధగా విన్నది.

“బాగుండాది. ఎవురు చెప్పినారయ్యా నీకు?”

“దుత్తలూరు తట్టు ఆమె ఒకామె.”

“ఆమెకు శానా తెలుసే,” అన్నది. పీటను నా వైపు జరుపుకొని, “ఒకసారి మనింటికి రమ్మను. ఇంత అన్నం తినిపోతాది. నేను కూడా నాలుగు మాటలు అడుగుతా,” అన్నది.

“రమ్మంటాను,” అన్నాను.

“ఇంకోటి చదువు.”

జడ్డిగం చదివాను.