మిరప కల్లం పక్కన ఊపిరి

మా పాపకు ఐదేళ్లు. నోరు తెరుచుకునే నిద్రపోతుంది. తెల్లవారేసరికి పెదవులు అట్టకట్టి, నోరు వాసన వేస్తుంది. రెండు పూటలా నేనే దగ్గరుండి తోమిస్తున్నా చిగుళ్లు ఎర్రబడ్డాయి, ముందుపళ్ల మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. గుంటూరులో పళ్ల డాక్టరమ్మకు చూపించాను.

"నోటితో ఊపిరి తీస్తోందమ్మా. నోరెండిపోతే పళ్లను కాపాడే ఉమ్ము ఉండదు. ముందు ముక్కులో అడ్డమేమన్నా ఉందేమో చూపించండి" అన్నారు.

ముక్కు డాక్టరు చూసి అడ్డమేమీ లేదు, అలవాటే అన్నారు. ఆ అలవాటు ఎక్కడిదో ఇంటికొచ్చాక తెలిసింది.

ప్రత్తిపాడు దగ్గర పల్లెటూళ్లో మా ఇల్లు. పెరడు దాటితే కల్లం, అక్కడ ఎండబోసిన మిరపకాయలు. ఆ సాయంత్రం కూలీలు కాయలు తిరగేస్తుంటే ఘాటు లేచింది. పాప తుమ్మింది. మా అత్తయ్య కొంగుతో దాని ముక్కు అదిమిపట్టి, "నోటితో పీల్చవే, నోటితో! ముక్కు మంటెక్కుద్ది" అంది. పాప వెంటనే నోరు తెరిచింది.

"అదే వద్దన్నారు అత్తయ్యా, పళ్లు పాడవుతున్నాయంట."

"ఆ డాక్టరమ్మని తీసుకొచ్చి ఒక్క పూట ఈ కల్లంలో కూర్చోబెట్టు. ఆవిడా నోరే తెరుస్తది. నీ మొగుణ్ణి ఇట్టాగే పెంచా."

కాయలు తిరగేస్తున్న కూలీల్లో ఒకావిడ పకపకా నవ్వింది. "పాలపళ్లకే ఇంత గోలా అమ్మా!"

నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు మాన్పించకపోతే వచ్చే పళ్లకూ ఇదే గతి. పోనీ ముక్కుతో పీల్చమందామంటే, పీల్చాల్సింది ఈ ఘాటునే. తలుపులు మూసి చూశాను, కిటికీలకు తడిగుడ్డలు కట్టి చూశాను. ఘాటు ఆగలేదు. చివరికి మా ఆయనే, "కాయలు ఎత్తేదాకా మీ అమ్మ దగ్గర ఉండండి. బళ్లో నేను చెప్తాలే" అన్నారు. అత్తయ్య మాత్రం మేం బయల్దేరుతుంటే గుమ్మం దాకా కూడా రాలేదు.

అద్దంకిలో అమ్మ వాళ్ల మేడ మీద మంచి గాలి. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "పెదవులు మూసి, పువ్వు వాసన చూసినట్టు మెల్లగా పీల్చు" అన్నాను.

అది పీల్చలేదు. ముక్కు మీద చెయ్యి అడ్డంపెట్టుకుని, "ఇక్కడ మంట ఉండదా అమ్మా?" అంది.

"ఉండదు."

"నువ్వు పీల్చు ముందు."

పీల్చాను. కాసేపు నా కళ్లలోకి చూసింది, నీళ్లొస్తాయేమోనని. తర్వాత చెయ్యి తీసి ముక్కుతో కొంచెం గాలి పీల్చింది. ఆ వెంటనే నోరు తెరిచేసింది.