మా అత్త, నేను, ఏడుపు ఒళ్ళు

పోయిన వారం ఓ రోజు పొద్దున్నే మా బావగారు, మా ఆయన అన్న, ఫోన్ చేశారు. "అమ్మ ఎల్లిపోనాదమ్మా" అన్నారు. రొయ్యలు ఎండబోసి వచ్చి, టీ తాగి, గుమ్మంలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందట. ఏడ్చాను. కానీ ఏడుపు కాస్త తెరిపిచ్చినప్పటి నుంచీ మా అత్త గురించి నలుగురికీ గర్వంగా చెప్పుకోవాలనిపిస్తోంది.

మాది చీపురుపల్లి, బాప్టిస్టు చర్చి కుటుంబం. ఆమెది శ్రీకాకుళం తీరంలో చేపలవాడ. నేనూ మా ఆయనా ప్రేమించి పెళ్ళి చేసుకుని రాజాంలో కాపురం పెట్టాం. నేను అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతాను. కొన్నేళ్ళ కిందట కడుపులో బిడ్డ నిలవలేదు. ఆ ఏడాదంతా నాకు పొద్దున్న లేవడమే గండంగా ఉండేది. కుక్కర్ మూత తీసి, నిలబడే అన్నం తినేసేదాన్ని. ఆకలేసి కాదు. చూస్తుండగానే ఒళ్ళొచ్చేసింది. చర్చిలో పెద్దవాళ్ళు "దేవుడు చల్లగా చూశాడు, పుష్టిగా ఉన్నావు" అనేవారు. స్టాఫ్‌రూంలో "ఏ కొట్లో బియ్యం మేడం?" అని నవ్వేవారు. చిక్కిపోతే దిగులనుకుంటారు గానీ, లావెక్కితే ఎవరనుకుంటారు?

ఓ రోజు అత్త ఎండు నెత్తళ్ళ చేపల మూటతో బస్సు దిగి వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది. మూట కింద పెట్టకుండానే, "ఒసే, ఏడుపొస్తన్నాదేటే?" అని అడిగింది.

నేను భోరుమన్నాను.

"ఇది కూటికొచ్చిన ఒళ్ళు కాదే. ఏడుపు ఒళ్ళు. నాకు తెల్దా?"

మామగారు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదని నాకు తెలుసు. ఆ తరవాతి సంగతి అప్పుడే చెప్పింది. "మీ మావ పోయాక నానూ ఇలాగే తిన్నాను. మొగుడు పోయాక బలిసిపోనాదని వాడంతా నవ్వీసినారు. ఆళ్ళతో పాటు నానూ నవ్వీసినాను. ఇంటికొచ్చి తలుపేసుకుని మల్లీ తిన్నాను."

మర్నాడే నన్ను శ్రీకాకుళంలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. కుంగుబాటు వస్తే కొందరికి తిండి సయించదనీ, కొందరు ఆపకుండా తింటారనీ, అలా పెరిగిన ఒళ్ళు మళ్ళీ మనసుని కుంగదీస్తుందనీ ఆమె చెప్పారు. "ఏ కులం వాళ్ళొచ్చినా, ఏ మతం వాళ్ళొచ్చినా ఇదే చూస్తున్నానమ్మా. చెప్పుకునే తీరే వేరు. ఒకరు నీరసమంటారు, ఒకరు గాలి సోకిందంటారు" అన్నారు. అత్త అంతా విని, కుర్చీ ముందుకు జరుపుకుని, "అయితే నాకూ ఓ మందుల సీటీ రాయండమ్మా" అంది.

మందుల సంగతి విని మా అమ్మ హడలిపోయింది. చర్చిలో తెలిస్తే ఏమనుకుంటారోనని ఆవిడ భయం. అత్త చీపురుపల్లి వెళ్ళి అమ్మ ఎదురుగా కూర్చుంది. "వదినా, సుగరు మాత్ర దాసుకుని మింగుతామేటి? ఇదీ అంతే" అంది. ఆ తరవాత ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో మా అమ్మే లేచి నిలబడింది. "నా కూతురికి కుంగుబాటు. మందులు వాడుతోంది. దాని కోసం ప్రార్థన చెయ్యండి" అంది. కూటం అయ్యాక ఒకావిడ అమ్మ చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లోనూ ఉందక్కా, ఆ డాక్టరమ్మ ఎక్కడుంటారు?" అని అడిగిందట.

కోలుకోవడానికి చాలా కాలమే పట్టింది. సెలవు దొరికితే అత్తా నేనూ సముద్రం ఒడ్డున నడిచేవాళ్ళం. నేను కొంత తగ్గాను. ఆమె పెద్దగా తగ్గలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "ఏడుపు దిగిపోనాది. ఇప్పుడున్నది నా ఒళ్ళే" అనేది.

మొన్న వేసవిలో వాడ ఆడవాళ్ళకీ పక్క ఊరి వాళ్ళకీ తాడు లాగే పోటీ పెట్టారు. అత్త తాడు కొస నడుముకి చుట్టుకుని అందరికంటే వెనక నిలబడింది. ఆమె ముందు నేను. "ముసిలమ్మా, పడిపోతావు!" అని అవతలి వాళ్ళు అరిచారు. "రండే, సూసుకుందాం!" అంది.

ఈల వేయగానే ముందు మేమే జారాం. నా కాళ్ళు గీతదాకా ఈడ్చుకుపోయాయి. వెనక నుంచి అత్త ఒక్క కేక పెట్టింది. మడమలు ఇసకలో దింపి, ఒళ్ళంతా తాడు మీద వేసి వెనక్కి వాలింది. అవతలి వరసంతా గీత దాటి మా మీదకి వచ్చి పడింది.

దుమ్ము దులుపుకుని లేచి చూస్తే, అత్త ఇసకలో కాళ్ళు చాపుకుని కూలబడి ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వుతోంది. నడుముకున్న తాడు విప్పబోతే నా చెయ్యి తోసేసింది.

"ఉండనీవే, కాసేపు."